బస్టాండు వెనక ఇల్లు

1983 ఫిబ్రవరి 6, ఆదివారం

ఇవాళ అమెరికా చరిత్రలో మూడో పాఠం పూర్తి చేయాలనుకున్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టకముందే పెరియంపట్టి బస్సు వచ్చింది. ఆ బస్సు వచ్చిందంటే మా ఇంటికి జనం వచ్చినట్టే. ధర్మపురిలో ఇల్లు చూసేటప్పుడు, బస్టాండు వెనక వీధి అయితే నా స్కూలుకు దగ్గర అని పట్టుబట్టినదాన్ని నేనే. మా ఆయన ఊరివాళ్ళకు కూడా అది దగ్గరేనని అప్పుడు తోచలేదు.

వచ్చింది ఆయన మేనత్త మునివెంకటమ్మ, ఆమె కొడుకు మునిరత్నం, కోడలు గోపమ్మ. మూటలు, ఇత్తడి బిందె, గంపలో ఒక కోడి. వానలు లేక బావి ఎండిపోయిందట. బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోతున్నారు. సాయంత్రం బాలసుందరం మేస్త్రి వచ్చి బస్సెక్కిస్తాడు. ఈ మేస్త్రికి అదే పని. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వారానికో గుంపును తీసుకుపోయి అక్కడ పనిలో పెడతాడు.

"సాయంత్రం దాకానే కదే," అన్నారు ఆయన, నేనింకా ఏమీ అనకముందే.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. మునిరత్నం ఎక్కాడు, గోపమ్మ ఎక్కింది. అత్త ఎక్కలేదు. అక్కడ ఉండేందుకు చోటు చూసుకున్నాక పిలిపిస్తారట.

"రెండు దినాలు ఉంటాది, అంతే," అన్నారు ఆయన.

కోడి కూడా ఉంది.

ఫిబ్రవరి 9

రెండు రోజులు అయిపోయాయి.

ఫిబ్రవరి 13

పాఠాలు మైసూరు నుంచి పోస్టులో వస్తాయి. ఈ ఎం.ఏ. గట్టెక్కితే హైస్కూలుకు మారే దారి దొరుకుతుంది. ఎన్నాళ్ళని ఐదో తరగతికి అవే నదులూ అవే కొండలూ చెప్పను? పరీక్ష మే నెలలో. సెంటరు బెంగుళూరు.

మూడో పాఠం పేరు "పంతొమ్మిదో శతాబ్దం చివర వలసలు, నగరాల పెరుగుదల". ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందని అందరూ అంటున్నారు. పాఠం రాసినాయన వలసకు కారణాలు ఆరు అని అంకెలు వేసి మరీ రాశాడు. మూడోది దాకా వచ్చేసరికి అత్త వచ్చి గుమ్మంలో కూర్చుంది. వక్కలు కత్తిరిస్తూ నన్నే చూస్తోంది. ఎవరైనా అలా చూస్తూ ఉంటే నాకు ఒక్క ముక్క తలకెక్కదు.

"ఏం చదువుతాండావు అంతసేపు?"

"అమెరికాకి జనం ఎట్ల పోయినారో చదువుతాండాను అత్తా."

"ఎవురు పోయినారు?"

"ఇటలీవాళ్ళు, పోలండువాళ్ళు, ఐర్లండువాళ్ళు... శానా దేశాలవాళ్ళు."

"ఎట్ల పోయినారు? బస్సులోనా?"

"ఓడలో."

"ఓడలో తినేదానికి ఏమిస్తారు?"

"తెలీదు. పాఠంలో రాయలేదు."

"అది కూడా రాయకపోతే ఇంకేం రాసినారు దాంట్లో?"

పుస్తకం మూసేశాను. ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు. నాకూ ఆ సంగతి తెలుసుకోవాలని అనిపించడం మొదలైంది, అదింకా చిరాకు.

ఫిబ్రవరి 20

అత్తకు ఊరికే కూర్చోవడం చేతకాదు. బస్సు కోసం ఎండలో కూర్చున్నవాళ్ళను పిలుచుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెడుతోంది. వాళ్ళెవరంటే "తుంబలహళ్ళివాళ్ళు" అంటుంది. మనకు చుట్టాలా అంటే "ఎండలో ఉండారు" అంటుంది. నేనడిగింది ఒకటి, ఆమె చెప్పేది ఒకటి.

ఇవాళ స్కూలు నుంచి వచ్చేసరికి పెద్ద కుండలో రాగి అంబలి కాచి గ్లాసుల్లో పోస్తోంది. రాగులు నావి. గ్లాసులు నావి. ఒక ముసలాయన నా కాఫీ లోటాతో తాగుతున్నాడు.

ఫిబ్రవరి 27

మునిరత్నం దగ్గర నుంచి మేస్త్రి కబురు తెచ్చాడు. ఇంకా చోటు దొరకలేదట. కడుతున్న ఇంటి పక్కనే రేకుల కింద పడుకుంటున్నారట.

"పాపం, ఆ గలాటాలో ముసలామె ఎట్లుంటాది?" అన్నారు ఆయన. ఇక్కడి గలాటా ఆయనకు వినపడదు.

మార్చి 5

ఎర్ర సిరా కనిపించలేదు. పిల్లల పరీక్ష కాగితాలు అలాగే ఉన్నాయి. వెతికి వెతికి అరుగు మీదికి వెళితే మా వాసంతి కూర్చుని ఎవరెవరివో గోనెమూటల మీద నా ఎర్ర సిరాతో పేర్లు రాస్తోంది.

"నీకు లెక్కల పరీక్ష లేదా?" అని అరిచాను.

"సుమ్మా ఉండమ్మా, అరవొద్దు. మూటలు మారిపోతాండాయంట, అవ్వ రాయమన్నది."

తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మ చెబితే వినదు, అవ్వ చెబితే వింటుంది. ఇంకో సంగతి కూడా చెప్పింది, పెద్ద గొప్పలాగా. పాలక్కోడు నుంచి వచ్చే బస్సులో కండక్టరు "టీచర్ వీడు పోయేవాళ్ళంతా ఇరంగుంగో" అని అరుస్తున్నాడట. టీచర్ వీడు అంటే మా ఇల్లు, ఇరంగుంగో అంటే దిగండి. బస్సు స్టాపింగులాగా అయిపోయింది నా బతుకు.

మార్చి 12

పది వాక్యాలు. ఇవాళ చదివింది అంతే.

మార్చి 19

ఇంటి ఓనరు సుబ్బరాయన్ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వీధిలోనే నిలబడి, అందరికీ వినపడేలా మాట్లాడాడు.

"టీచరమ్మా, నేను అద్దెకిచ్చింది ఇల్లా, సత్రమా?"

"చుట్టాలు సార్. బస్సు వచ్చేదాకా..."

"ఇంతమంది చుట్టాలు ఎవురికుండారు? లెట్రిన్ ట్యాంకు నిండిపోయింది. కాలవ పొంగుతాండాది. పక్కింటివాళ్ళు నన్ను తిడతాండారు. ఇట్లనే ఉంటే మాత్రం ఇల్లు ఖాళీ చేసేయండి."

అరుగు మీద కూర్చున్నవాళ్ళు తలలు దించుకున్నారు. అత్త మాత్రం అంబలి గ్లాసు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఎండలో వచ్చినావు నాయనా, ముందు తాగు," అంది. ఆయన తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ ఖాళీ చేయమన్నాడు.

సిగ్గుతో చచ్చాను. నేను ఇంతవరకు ఎవరిచేతా ఒక మాట అనిపించుకోలేదు.

మార్చి 20

ఆయనతో గట్టిగా మాట్లాడాను.

"మా నాయన చెల్లెలు," అన్నారు. "పొమ్మని నా నోటితో ఎట్ల చెప్పేది?"

"అయితే నా నోటితో చెప్పమంటారా?"

ఆయన చొక్కా తీసి గుండీ ఊడిందేమోనని చూసుకున్నారు. గుండీలన్నీ ఉన్నాయి. పెళ్ళయిన నాటి నుంచి కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆయనకు చొక్కా గుండీ ఒకటి ఊడుతుంది.

మార్చి 27

ఆయన ఇవాళ ఈ నోటుబుక్కు తెరిచి చూశారు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. "పాల లెక్కా?" అని అడిగి అక్కడే పెట్టేశారు. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవడం వచ్చినది నాకొక్కదానికే. హోసూరులో మా నాన్న పట్టుబట్టి తెలుగు బడిలో వేశాడు. దాని ఉపయోగం ఇన్నేళ్ళకు తెలిసింది.

పాఠంలో ఇవాళ్టి భాగం: అమెరికాలో ముందు వచ్చి స్థిరపడినవాళ్ళు వెనక వచ్చినవాళ్ళను సహించలేకపోయారు. ఇరుకు, మురికి, గోల అన్నారు. ఒక్కో గదిలో రెండేసి కుటుంబాలు ఉండేవట. ఎందుకు సహించలేకపోయారో రెండు పేజీలు వివరించాడు. నాకు రెండు పేజీలు అక్కర్లేదు. వాళ్ళ లెట్రిన్ ట్యాంకు ఎవరు కడిగించారో అది రాయమనండి.

భోజనం దగ్గర ఈ మాటే అంటే ఆయన, "మన తాతలు కూడా యాడనుంచో వచ్చినవాళ్ళే కదే," అన్నారు.

"వచ్చి ఎన్ని తరాలైంది! వాళ్ళు నా వంటింట్లో దిగలేదు," అన్నాను.

వాసంతి నవ్వింది. ఏం నవ్వొచ్చిందో.

ఏప్రిల్ 3

కారణాలు ఆరూ ఒకేసారి గుర్తుండవు. ఐదు చెబితే ఆరోది పోతుంది. విసుగొచ్చి పుస్తకం పక్కన పెట్టి అత్తనే అడిగాను, మునిరత్నం ఊరు వదిలి ఎందుకు పోయాడని.

"బావి ఎండిపోయింది కదా."

కాసేపాగి, "మన వీధిలో అందురూ పోయినారు, వీడొకడే ఉండి ఏం చేస్తాడు?" అంది.

కూరగాయలు తరుగుతూ మళ్ళీ, "గోపమ్మకి ఆశ. బెంగుళూరు చూడవల్లని."

నిద్రపోబోతూ, "వాడు కట్టే పని నేర్చుకున్నాడు సౌభాగ్యమా. మనూర్లో ఎవురు కడతాండారు ఇండ్లు?"

ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పే మనిషి కాదు ఈమె. పరీక్షలో ఇలా రాస్తే సున్నా.

ఏప్రిల్ 10

సుబ్బరాయన్ మళ్ళీ మనిషిని పంపాడు. ఇదే ఆఖరుసారి అన్నాడట.

అరుగు మీద పసిపిల్ల ఏడుస్తూనే ఉంది. నాలుగో పాఠం కవరు విప్పనే లేదు.

ఏప్రిల్ 14

ఉగాదీ, తమిళ సంవత్సరాదీ ఈ ఏడు ఒకే రోజు వచ్చాయి. వంట ఎక్కువ. జనమూ ఎక్కువ. పాయసం వాళ్ళకే సరిపోయింది.

అందరూ వెళ్ళాక అత్త దగ్గర కూర్చున్నాను. నిన్నటి నుంచి మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"అత్తా, వచ్చే నెల నాకు పరీక్ష. ఇంట్లో జాగా చాలడం లేదు."

"ఎవురికి చాలలేదు?"

నేను నా పుస్తకాల వైపు చూశాను.

"పుస్తకాలకా?"

"అందరికీ అత్తా. ఓనరు కూడా ఊరుకోవడం లేదు. మీరు తప్పుగా అనుకోవద్దు."

ఆమె చేతిలో ఉన్న ఆకుకు సున్నం రాసింది. మెల్లగా మడిచింది. నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకుంది.

"మునిరత్నం ఒకతూరి వచ్చి చూడమన్నాడులే. పోతాను."

"ఇప్పుడే కాదు అత్తా, నిదానంగా..."

"మేస్త్రి ఈ పొద్దే పోతాండాడు కదా. మళ్ళ ఎవురు పిలుచుకోని పోతారు?"

లేచి చాప చుట్టింది. బిందె కడిగి తీసుకుంది. కోడిని వాసంతికి ఇచ్చింది. ఆయన బస్టాండు దాకా మూట మోసుకుని వెళ్ళి, చాలాసేపు తిరిగి రాలేదు.

నేను పొమ్మనలేదు. జాగా చాలడం లేదన్నాను. ఈ రెండూ వేరు.

ఏప్రిల్ 15

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇరవై పేజీలు చదివాను.

ఏప్రిల్ 17

చాలా బాగా సాగుతోంది చదువు. నేను పొమ్మనలేదు.

ఏప్రిల్ 21

ఇంకా వస్తూనే ఉన్నారు. "ముసలామె యాడ?" అని అడుగుతారు. బెంగుళూరు పోయిందంటే నా మొహం చూస్తారు. నీళ్ళిస్తాను. తాగి, కాసేపు నిలబడి, బస్టాండు గోడ నీడకు వెళ్ళిపోతారు. కూర్చోమని నేననను. అంటే మళ్ళీ మొదలు.

ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నారు. "ఉప్పు." "తాళం చెవి." "వాసంతి యాడ?" ఇదీ మంచిదే, చదువుకోవచ్చు.

ఏప్రిల్ 24

ఒకే పేజీ మూడుసార్లు చదివాను. గోల లేకపోతే కూడా బుర్రకెక్కడం లేదంటే ఇక ఎవరిని అనాలి?

ఏప్రిల్ 28

సుబ్బరాయన్ ఇవాళ టేపు పట్టుకున్న ఇంజనీరుతో వచ్చాడు. మొహం నిండా నవ్వు. ఇంటి ముందు, వెనక, పక్కన అంతా కొలిపించాడు.

"ఏంది సార్ ఇది?"

"లాడ్జి కడతాండాము టీచరమ్మా. మూడు అంతస్తులు. మీరు ఆడి నెల లోపల, జూలైకంతా, ఖాళీ చేసిస్తే చాలు, తొందరేమీ లేదు."

"జనం ఎక్కువైనారనే కదా ఖాళీ చేయమన్నారు! ఇప్పుడు ఎవరూ లేరు కదా!"

"జనం వస్తాండారు కాబట్టే కదమ్మా లాడ్జి! మీ తిన్నె మీద ఆ గుంపును చూసినాకే నాకు బుద్ధి వచ్చింది. బస్టాండు పక్కన ఇంత జాగా పెట్టుకోని అద్దెకిస్తాండానే అని."

సత్రమని తిట్టినవాడు సత్రమే కడుతున్నాడు. కూలివాళ్ళను ఎవరు తెస్తారంటే, బాలసుందరం మేస్త్రేనట. ఊరు పెరుగుతోంది, సంతోషం. నా నెత్తి మీదే పెరగాలా?

ఆయనకు చెప్పాను. ఇంత కోపంగా చెబుతుంటే విని, "అయితే అత్తని ఊరికే పంపించినాము," అన్నారు.

పంపించినాము అన్నారు. పంపించినావు అనలేదు. అనుంటే బాగుండేది, పోట్లాడడానికి ఒక దారి ఉండేది.

మే 4

కలెక్టరాఫీసు అవతల కొత్త ఎక్స్‌టెన్షన్‌లో ఇల్లు ఉందని ఆయన చూసి వచ్చారు. బస్టాండుకు బాగా దూరం. ఎంత దూరమైతే అంత మంచిదన్నాను. పరీక్ష అయి వచ్చాక అడ్వాన్సు ఇద్దామన్నారు.

మే 7

రేపు బెంగుళూరు. మల్లేశ్వరంలో మీనాక్షమ్మ గారింట్లో దిగుతాను. ఆమె ఆయన ఆఫీసు మేనేజరు చెల్లెలు. పరీక్షలప్పుడు మా ఇంటికే రావాలని జనవరిలోనే అన్నది. వస్తున్నానని కార్డు కూడా రాశాను. నాలుగు పేపర్లు, రోజు విడిచి రోజు. ఎవరూ ఉండరు, హాయిగా చదువుకోవచ్చు.

మే 8, ఆదివారం, బెంగుళూరు

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెబితే నాకే నమ్మకం కలగదు. మొదటి నుంచి రాస్తాను.

మీనాక్షమ్మ తలుపు తీసింది. "అయ్యో, రాండి రాండి!" అంది. నవ్వుతూ హాల్లో కూర్చోబెట్టింది. ఆ హాలు ఎంత పెద్దదంటే మా ఇల్లు మొత్తం అందులో పడుతుంది. కాఫీ ఇచ్చింది. కాఫీ సగం అయ్యాక చెప్పింది.

"మీ కార్డు వచ్చింది. జవాబు రాద్దామనుకుంటానే ఉండాను. మా ఆడబిడ్డ వాళ్ళు సెలవులకి వచ్చేసినారు. ఇంట్లో జాగా చాలడం లేదు. మీరు తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోవద్దట! పరీక్ష రేపు పెట్టుకుని, చేతిలో పుస్తకాల సంచితో, దారీతెన్నూ తెలియని ఊళ్ళో ఒక ఆడమనిషి వచ్చి నిలబడితే జాగా లేదట! ఆ హాల్లో ఒక మూల చాప వేస్తే ఆమె సొమ్మేం పోయింది? అంత మర్యాదగా, అంత మెత్తగా, కాఫీ చేతికిచ్చి మరీ ఎలా అనగలిగింది? మనుషులకు ఇంత చిన్న మనసు ఉంటుందని నాకు తెలియదు. బస్సులో అంతా అదే తలుచుకుని ఉడికిపోయాను.

మెజెస్టిక్ దగ్గర లాడ్జిల్లో అడిగాను. ఒంటి ఆడవాళ్ళకు రూము ఇవ్వరట. ఒకడు "జతెలి యారూ ఇల్వా?" అని నన్ను కిందికీ పైకీ చూశాడు. తోడు ఎవరూ లేరా అని. నేను టీచర్నని చెప్పడానికి కూడా మనసు రాలేదు.

ఇంక తిరిగి ధర్మపురి బస్సెక్కడమే అనుకున్నాను. రెండేళ్ళ చదువు ఒక్క రోజులో పోయింది. బస్టాండులో బెంచీ మీద కూర్చుంటే ఏడుపు వచ్చింది. పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు ధర్మపురి బస్సు వచ్చి ఆగింది. దాంట్లోంచి మూటలతో ఒక గుంపు దిగింది. వాళ్ళ ముందు బాలసుందరం మేస్త్రి. నన్ను చూసి ఆగిపోయాడు.

"వాంగ టీచర్! ఇంగ ఎన్న?" అన్నాడు. ఇక్కడ ఏం చేస్తున్నారని.

చెప్పాను. ఎంత చెప్పానో తెలియదు, మీనాక్షమ్మ హాలు సంగతి కూడా చెప్పాను. ఆయన విని, నా సంచి తీసుకుని గుంపులో ఒకడి నెత్తి మీద పెట్టాడు. "నడవండి," అన్నాడు తమిళంలో. "మీ అత్త ఉండగా లాడ్జి ఏమిటి?"

ఎలా వెళ్ళను? వెళ్ళాను. లారీలో, మూటల మధ్య, అందరితోపాటు.

కోరమంగల అనే చోట ఎక్కడ చూసినా సగం కట్టిన ఇళ్ళే. ఒకదాని ముందు దించాడు. పై కప్పు పడింది, తలుపులు లేవు. గోపమ్మ మోచేతుల దాకా సిమెంటుతో ఇటుకలు అందిస్తోంది. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. లేచి నిలబడి నన్ను చూసింది. ఏదో ఒక మాట అంటుంది, పడదామనుకున్నాను.

"చెప్పులు తీసేయ్. తడి సిమెంటు అంటుకుంటాది," అంది.

అంతే. తర్వాత గోపమ్మను కేకేసింది. "ఆ పక్క గదిలో మూటలు తియ్యే! టీచరు చదువుకోవల్ల!"

"అత్తా, ఇక్కడ జాగా ఉండాదా?"

"ఇంత పెద్ద ఇల్లు కడతాండారు, జాగాకేం కరువు?"

తనే కట్టిస్తున్నట్టు అంటుంది! ఈ ఇంటివాళ్ళు వచ్చే దసరాకు దిగుతారట. దాంట్లో ఇప్పుడు ఎన్ని కుటుంబాలు ఉన్నాయో నాకు ఇంకా అంతు పట్టలేదు. నాకిచ్చిన గది వంటిల్లవుతుందట.

మే 9

మొదటి పేపరు రాశాను. తెల్లారకముందే గోడలకు నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. నా పక్క తడిసింది. లేచి చదువుకున్నాను. అందుకైనా పనికొచ్చింది.

మే 10

నా చదువుకు అడ్డం రాకూడదని అత్త పిల్లలను అదిలిస్తోంది. పిల్లల గోల కన్నా ఆమె గోలే ఎక్కువ. "టీచరు చదువుతాండాది! సద్దు చేయొద్దండి!" అని ఆ కేక పక్క లేఅవుటు దాకా పోతుంది. వద్దని చెప్పాను. "నువ్వు చదువు, అది నేను చూసుకుంటాను," అని మళ్ళీ అరిచింది.

మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు. నాకు ఇంకో ముద్ద వేసింది. వద్దంటే వినదు.

మే 11

రెండోది పర్వాలేదు.

మే 13, శుక్రవారం

అమెరికా పేపరు. రాలేదు. వలసల ప్రశ్న రానే రాలేదు! వెండి నాణేల గొడవ ఇచ్చాడు, రైలు కంపెనీల మీద చట్టం ఇచ్చాడు, సుంకాలు ఇచ్చాడు. ఓడలూ లేవు, ఇరుకు గదులూ లేవు, ఆ ఆరు కారణాల్లో ఒక్కటీ లేదు. ఏదో రాసి ఇచ్చి వచ్చాను.

సాయంత్రం అత్త అడిగింది. "అమెరికాకి పోయినవాళ్ళ గురించి రాసినావా?"

"ఆ ప్రశ్న రాలేదు అత్తా."

"రాలేదా?"

"రాలేదు."

కాసేపు పొయ్యిలో పుల్లలు సర్దింది.

"దానికేనా ఇంత?" అంది.

ఆ మాట ఎటు పోతుందో చూద్దామని కాచుకున్నాను. ఎటూ పోలేదు. పళ్ళెం ముందు పెట్టింది. నాకు ముద్ద దిగలేదు. తినకపోతే ఊరుకోదు కాబట్టి తిన్నాను.

మే 14

మునిరత్నం ముందు గదికి నేల వేయడం మొదలుపెడతాడట. అన్నీ నా పరీక్షకే కుదురుతాయి. చదువు, ఇసుక జల్లించే చప్పుడు, చదువు, ఇసుక.

మే 16, సోమవారం

చివరి పేపరు అయింది. ధర్మపురిలో పడాల్సిన వాన ఇక్కడ, నేను బస్సు దిగి నడుస్తుండగా పడింది. చీర మోకాళ్ళ దాకా బురద. ఇంటికి వచ్చేసరికి అందరూ వెనక వైపు సిమెంటు మూటల మీద టార్పాలిన్ కప్పడానికి పరుగెడుతున్నారు. ముందు వైపు ఎవరూ లేరు.

లారీ ఒకటి ఆగి, ఒక కుటుంబాన్ని దించేసి పోయింది. భార్యాభర్తలు, వాళ్ళ బిడ్డ, ఒక ముసలాయన. మా ధర్మపురి పక్క ఇండూరువాళ్ళు. వానలో అలాగే నిలబడ్డారు.

"ఇల్లు మీదేనామ్మా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

"నాది కాదు."

"మేస్త్రి ఇక్కడ దిగమన్నాడు. ఎవురిని అడగవల్ల?"

నేనేం చెప్పను? చుట్టూ చూశాను. అడగడానికి ఒక్క మనిషి కనిపించలేదు. బిడ్డ తుమ్మింది. నాకు ఒళ్ళు మండింది. పరీక్ష రాసి, తడిసి, ఆకలితో వచ్చినదాన్ని, ఇది కూడా నేనే చూడాలా?

"జాగా యాడుండాది ఇక్కడ? కాలు పెట్టే సందు లేదు!" అని అరిచాను. "అట్ల నిలబడి చూస్తాండావేమి, బిడ్డని లోపలికి తీసుకోని రా!"

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ముందు గదిలోంచి అయితే దగ్గర. నేను ముందు, నా వెనక ఆ అమ్మాయి, వెనక మొగుడు, ముసలాయన, మూటలు. రెండో అడుగుకు కాలు మెత్తగా దిగింది. వాన నీళ్ళు చేరి బురదైందనుకున్నాను. అవతలి గుమ్మం చేరాక వెనక్కి తిరిగి చూశాను. మధ్యాహ్నం నుంచి మునిరత్నం మోకాళ్ళ మీద కూర్చుని నున్నగా మెరుగు పెట్టిన నేల అది. మా పాదాలు ఇటు నుంచి అటు బారుగా పడి ఉన్నాయి.

అత్త వచ్చింది. నేల చూసింది. మమ్మల్ని చూసింది.

"కండ్లు యాడ పెట్టుకోనుండావే! ఎం.ఏ. అంట ఎం.ఏ.! తడి నేల ఏదో పొడి నేల ఏదో తెలీదా? మనుషుల్ని పిలుచుకోని వస్తే పక్కన పలక వేసిండాము కదా, దాని మీద రాకూడదా? ఒకతూరి చెప్పిచ్చుకోని తెలుసుకోవల్ల!"

ఇన్ని రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. ధర్మపురిలో కూడా అనలేదు. ఇప్పుడు అందరి ముందూ, చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. తల దించుకుని నిలబడ్డాను. గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇండూరు అమ్మాయి భయపడి మళ్ళీ వానలోకే పోబోయింది.

"నువ్వు యాడికి పోతాండావు?" అని అత్త ఆమె మీద కూడా అరిచింది. "పొయ్యి కాడికి రా. బిడ్డకి తల తుడువు."

మునిరత్నం నేల మెరుగు పెట్టే కర్ణె తీసుకుని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను నీళ్ళు అందించాను, సిమెంటు పొడి అందించాను. ఎక్కువ చల్లితే తిట్లు, తక్కువ చల్లితే తిట్లు, అవి కూడా అత్తవే. పాదాలన్నీ చెరిగిపోయేసరికి నా నడుం విరిగింది.

ముందు గది పనికిరాదు కాబట్టి ఇండూరువాళ్ళు నా గదిలోకి వచ్చారు. నాకు గోడవార మిగిలింది. ఆ బిడ్డ నిద్రలో నన్ను తన్నుతోంది. అత్త అవతలి మూల నుంచి, "సౌభాగ్యమా, ఇంకా రాస్తానే ఉండావా, అందురికీ నిద్ర లేదు," అంటోంది. నిద్ర లేనిది ఆమె గొంతు వల్లే.

పొద్దున బస్సుకు వెళతాను. వెళ్ళగానే ఆయనతో ఇంటి మాట తేల్చాలి. కలెక్టరాఫీసు అవతల ఇల్లు వద్దని చెప్పాలి. చూస్తే బాగానే ఉంటుందేమో, ఆ కాలనీకి గాలీ వెలుతురూ ఉంటాయేమో. ఉంటే ఏం లాభం? బస్సు దిగి అంత దూరం మూటలు నెత్తిన పెట్టుకుని ఎవరు నడుస్తారు?